సైన్స్ క్యాంపు కోసం మేలో వెతికితే ఆలస్యమే: నగర పిల్లలకు ఏమేం ఉన్నాయి, ఎప్పుడు అడగాలి?

పరీక్షలు అయిపోయి, సెలవులు ఇచ్చిన తర్వాత ‘పిల్లల్ని ఏదైనా క్యాంపులో వేద్దాం’ అని ఫోన్‌లో వెతకడం చాలా ఇళ్లలో జరిగేదే. అప్పటికి కనిపించేవి ఎక్కువగా వేల రూపాయల ఫీజున్న ప్రైవేటు శిబిరాలే. ప్రభుత్వ శాఖలు, పరిశోధన సంస్థలు, స్వచ్ఛంద సంఘాలు నడిపే కార్యక్రమాలు చాలావరకు ఉచితం, లేదంటే నామమాత్రపు ఖర్చు. కానీ వాటి గడువులు సెలవులకంటే చాలా ముందే ముగుస్తాయి. కొన్నింటికి మీరు నేరుగా దరఖాస్తు చేయలేరు, పాఠశాలే పేరు పంపాలి.

అంటే డబ్బు కంటే ముందు కావాల్సింది సరైన నెలలో సరైన వ్యక్తిని అడగడం. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ నగరాల్లో 6 నుంచి 17 ఏళ్ల పిల్లలకు ఆరుబయట కార్యక్రమాలు, సైన్స్ కార్యక్రమాలు ఏమున్నాయి, ఎవరి ద్వారా వస్తాయి, పంపేముందు ఏం చూసుకోవాలి? ఈ కథనంలో తెలుసుకోండి.

ముఖ్యాంశాలు

- ఇన్‌స్పైర్-మానక్, బాలల సైన్స్ కాంగ్రెస్, ఎకో క్లబ్, స్కౌట్స్, ఎన్‌సీసీ వంటివి పాఠశాల ద్వారానే వస్తాయి. వీటి గురించి బడి తెరవగానే, అంటే జూన్‌లోనే అడగాలి.
- ఇస్రో ‘యువిక’కు 9వ తరగతి విద్యార్థులే అర్హులు. అంటే ఒక విద్యార్థికి ఒక్క ఏడాదే అవకాశం.
- ఫిబ్రవరి 28, సెప్టెంబరు 26 తేదీల సమయంలో హైదరాబాద్‌లోని జాతీయ ప్రయోగశాలలు విద్యార్థుల కోసం తలుపులు తెరుస్తాయి.
- పక్షుల లెక్క, చెట్ల పరిశీలన, నీడలేని రోజు వంటి వాటికి ఏ సంస్థలోనూ చేరక్కర్లేదు.
- బయటికి తీసుకెళ్లే ఏ శిబిరాన్నైనా నీటి భద్రత, ఎండ, సిబ్బంది గురించి రాతపూర్వకంగా అడిగి తెలుసుకున్నాకే పిల్లల్ని పంపండి.

పాఠశాల ద్వారా మాత్రమే వచ్చేవి ఏవి?

మొదట ఇక్కడి నుంచే మొదలుపెట్టండి. ఎక్కువమంది పిల్లలు అవకాశం కోల్పోయేది ఇక్కడే. హెచ్‌ఎం లేదా సైన్స్ టీచర్ పోర్టల్‌లో పేరు నమోదు చేయకపోతే, పిల్లల దగ్గర ఎంత మంచి ఆలోచన ఉన్నా అది ముందుకు కదలదు.

ఇన్‌స్పైర్-మానక్: కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం, నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ కలిసి నిర్వహిస్తున్న పథకం ఇది. హైస్కూల్ స్థాయి విద్యార్థులు రోజువారీ సమస్యకు తమ సొంత పరిష్కారాన్ని రాసి ఇస్తారు. పాఠశాల వాటిలో మంచివి ఎంచి ‘ఈ-మియాస్’ పోర్టల్‌లో నమోదు చేస్తుంది. ఎంపికైతే నమూనా తయారు చేసుకోవడానికి రూ.10,000 విద్యార్థి బ్యాంకు ఖాతాలోనే పడతాయి. తర్వాత జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయి ప్రదర్శనలు ఉంటాయి. పిల్లల పేరుతో బ్యాంకు ఖాతా లేకపోతే ముందే తెరిపించండి. ఖాతాలో పేరు, పాఠశాల రికార్డులో పేరు ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి.

బాలల సైన్స్ కాంగ్రెస్: 1993 నుంచి జరుగుతున్న జాతీయ స్థాయి కార్యక్రమం. 10 నుంచి 17 ఏళ్ల పిల్లలు తమ ఊరు లేదా కాలనీలోని సమస్యపై చిన్న పరిశోధన చేసి నివేదిక రాస్తారు. ఒక గైడ్ టీచర్ ఉండాలి. ఇంగ్లిష్‌లోనే రాయాలన్న నియమం లేదు, తెలుగులోనూ సమర్పించవచ్చు. ఖరీదైన పరికరాల కంటే ఓపికగా సేకరించిన లెక్కలకు ఇక్కడ విలువ ఎక్కువ.

చెకుముకి సైన్స్ సంబరాలు: జన విజ్ఞాన వేదిక తెలుగు రాష్ట్రాల్లో నిర్వహించే పోటీలు. పాఠశాల నుంచి పిల్లలు జట్టుగా వెళ్తారు. మండలం, జిల్లా, రాష్ట్రం ఇలా అంచెలు ఉంటాయి. తెలుగు మీడియం పిల్లలకు ఇది మంచి మొదటి మెట్టు.

అటల్ టింకరింగ్ ల్యాబ్: 2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద 6 నుంచి 12 తరగతుల విద్యార్థుల కోసం పాఠశాలల్లో ఏర్పాటు చేసిన వర్క్‌షాపులు ఇవి. ఒక్కో పాఠశాలకు రూ.20 లక్షల వరకు గ్రాంటు ఇచ్చారు. త్రీడీ ప్రింటర్, సెన్సర్లు, రోబోటిక్స్ కిట్లు ఇందులో ఉంటాయి. మీ పిల్లల బడిలో ఈ ల్యాబ్ ఉందా, వారంలో ఏ రోజు, ఏ తరగతికి తెరుస్తున్నారు అని అడగండి. ల్యాబ్ ఉండి తాళం వేసి ఉంటే ఏం చేయాలో కింద చెప్పాం.

ఎకో క్లబ్, స్కౌట్స్ అండ్ గైడ్స్, ఎన్‌సీసీ: నేషనల్ గ్రీన్ కోర్ కింద 2001-02 నుంచి పాఠశాలల్లో ఎకో క్లబ్బులు నడుస్తున్నాయి. మొక్కలు నాటడంతో ఆపకుండా చెరువు, అడవి సందర్శనలకు తీసుకెళ్లమని అడగవచ్చు. స్కౌట్స్, గైడ్స్‌లో చేరితే గుడారం వేయడం, ముడులు, ప్రథమ చికిత్స, దిక్సూచితో దారి తెలుసుకోవడం నేర్పుతారు. నగరంలో పెరిగిన పిల్లలకు ఇవి మరోచోట దొరకడం కష్టం.

‘యువిక’ ఏమిటి? దానికి ఏడాది ముందే ఎందుకు సిద్ధం కావాలి?

ఇస్రో 2019లో మొదలుపెట్టిన ‘యువ విజ్ఞాని కార్యక్రమం’ పేరే యువిక. ఎంపికైన పిల్లలు వేసవి సెలవుల్లో సుమారు రెండు వారాలు ఇస్రో కేంద్రంలో ఉండి శాస్త్రవేత్తల దగ్గర నేర్చుకుంటారు. శిబిరం జరిగే కేంద్రాల్లో శ్రీహరికోట, హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం కూడా ఉన్నాయి. ప్రయాణం, బస, భోజనం ఖర్చు ఇస్రోదే.

దరఖాస్తును సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆన్‌లైన్‌లో స్వీకరిస్తారు. ఆ ఏడాది జనవరి 1 నాటికి 9వ తరగతి చదువుతున్న వారికే అవకాశం. ఎంపికలో సగం వెయిటేజీ 8వ తరగతి మార్కులకు ఉంటుంది. ఆన్‌లైన్ క్విజ్, సైన్స్ ఫెయిర్లలో పాల్గొనడం, ఒలింపియాడ్, క్రీడలు, స్కౌట్స్ లేదా ఎన్‌సీసీ సభ్యత్వానికి మిగతా పాయింట్లు ఇస్తారు. గ్రామ ప్రాంత పాఠశాలల్లో చదివేవారికి అదనపు వెయిటేజీ ఉంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. సైన్స్ ఫెయిర్, స్కౌట్స్ సర్టిఫికెట్లు ఫిబ్రవరిలో అప్పటికప్పుడు రావు. జూన్‌లో స్కౌట్స్‌లో చేరి, ఆ ఏడాది సైన్స్ ఫెయిర్‌లో పాల్గొన్న పిల్లలకే అవి ఉంటాయి. మీ అబ్బాయి లేదా అమ్మాయి ఇప్పుడు 7, 8 తరగతుల్లో ఉంటే, ఇప్పటి నుంచే సర్టిఫికెట్లన్నీ ఒక ఫైల్‌లో పెట్టండి.

నేరుగా వెళ్లగలిగే సైన్స్ కేంద్రాలు ఏవి?

హైదరాబాద్‌లో బి.ఎం.బిర్లా సైన్స్ సెంటర్ అందరికీ తెలిసిందే. నౌబత్ పహాడ్‌పై ఉన్న ఈ ప్లానెటోరియం 1985 సెప్టెంబరులో ప్రారంభమైంది. సైన్స్ మ్యూజియం 1990లో వచ్చింది. ప్లానెటోరియంలో తెలుగు షోలు కూడా ఉంటాయి. వెళ్లినప్పుడు డైనోసార్ అస్థిపంజరాన్ని తప్పకుండా చూపించండి. కోటాసారస్ అనే ఈ జురాసిక్ కాలపు జంతువు ఎముకలు ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర తవ్వకాల్లో దొరికాయి. సినిమాల్లో చూసే డైనోసార్ మన గోదావరి లోయలోనూ తిరిగిందని తెలిస్తే పిల్లల ప్రశ్నలే మారిపోతాయి.

తిరుపతిలో అలిపిరి దారిలోని ప్రాంతీయ సైన్స్ కేంద్రం జాతీయ సైన్స్ మ్యూజియంల మండలి పరిధిలో నడుస్తోంది. తిరుమల వెళ్లేవాళ్లు అక్కడ సగం రోజు కేటాయించవచ్చు. కొండపైనున్న శిలాతోరణం కూడా ఒక భూగర్భ శాస్త్ర పాఠమే.

జాతీయ ప్రయోగశాలల్లోకి మాత్రం మామూలు రోజుల్లో ప్రవేశం ఉండదు. తార్నాక, హబ్సిగూడ ప్రాంతంలోని సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ సంస్థలు ‘ఓపెన్ డే’ నిర్వహిస్తుంటాయి. ఇవి ఎక్కువగా జాతీయ సైన్స్ దినోత్సవం ఫిబ్రవరి 28న, సీఎస్‌ఐఆర్ వ్యవస్థాపక దినం సెప్టెంబరు 26న లేదా ఆ తేదీలకు అటూ ఇటూ జరుగుతాయి. ఒక నెల ముందు నుంచి ఆ సంస్థల వెబ్‌సైట్లు, సోషల్ మీడియా పేజీలు చూస్తుండండి. పాఠశాల బృందంగా వెళ్లాలంటే హెచ్‌ఎం సంతకంతో లేఖ పంపాలి.

శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం చూడాలంటే 2019లో ప్రారంభించిన వీక్షకుల గ్యాలరీ ఉంది. ఇందులో దాదాపు 5,000 మంది కూర్చోవచ్చు. ప్రయోగానికి కొద్ది రోజుల ముందు ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ తెరుస్తారు. ప్రవేశం ఉచితం. గుర్తింపు కార్డు తప్పనిసరి. ప్రయోగం చివరి నిమిషంలో వాయిదా పడవచ్చు కాబట్టి ఆ విషయం పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్లండి.

నగరానికి దగ్గర్లో ప్రకృతి పరిశీలన ఎక్కడ?

హైదరాబాద్: జూబ్లీహిల్స్‌లోని కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ పార్కు నగరం మధ్యలో సుమారు 140 హెక్టార్ల అడవి. వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలిలో కృష్ణజింకలు ఉన్నాయి. చిలుకూరు దగ్గర మృగవని, కొండాపూర్‌లో బొటానికల్ గార్డెన్ ఉన్నాయి. అమీన్‌పూర్ పెద్ద చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. దేశంలో నగర ప్రాంత చెరువుకు ఆ గుర్తింపు రావడం అదే మొదటిసారి. 1963లో ప్రారంభమైన నెహ్రూ జూపార్కు వేసవిలో పిల్లలకు శిబిరాలు నిర్వహిస్తుంటుంది. సీట్లు తక్కువ కాబట్టి మార్చి నుంచే వాకబు చేయండి.

ఈ నగరపు బండరాళ్లు కూడా చూడదగినవే. సుమారు 250 కోట్ల ఏళ్ల వయసున్న గ్రానైట్ ఇది. 1996 నుంచి పనిచేస్తున్న ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ బండల మధ్య నడకలు నిర్వహిస్తోంది. 1980లో బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్‌గా మొదలై ఇప్పుడు ‘డెక్కన్ బర్డర్స్’గా ఉన్న సంఘం పక్షుల పరిశీలన యాత్రలకు తీసుకెళ్తోంది. ఇలాంటి వాటికి పిల్లల్ని పెద్దవాళ్లు వెంట ఉండి తీసుకెళ్లాలి.

విశాఖపట్నం: జాతీయ రహదారి పక్కనే ఉన్న కంబాలకొండ అభయారణ్యంలో నడక దారులున్నాయి. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు భారత భూవైజ్ఞానిక సర్వే గుర్తించిన వారసత్వ ప్రదేశం. గాలి, నీరు, సముద్రమట్టంలో మార్పులు కలిసి వేల ఏళ్లలో వాటిని ఎలా మలిచాయో అక్కడ కళ్లతో చూడవచ్చు. అలలు వెనక్కి తగ్గే ఆటు వేళల్లో రుషికొండ దగ్గరి రాళ్ల మధ్య నీటి గుంటల్లో పీతలు, సముద్రపు అనిమోన్లు కనిపిస్తాయి. వీటిని చూపించడానికి స్థానిక బృందాలు తీర నడకలు నిర్వహిస్తుంటాయి.

విజయవాడ, గుంటూరు, ఏలూరు: గుంటూరు పక్కనే ఉప్పలపాడు చెరువులో, కొల్లేరులోని ఆటపాక కేంద్రంలో గూడబాతులను దగ్గరగా చూడవచ్చు. శీతాకాలం ఉదయం వేళ మంచి సమయం.

తిరుపతి, నెల్లూరు: నేలపట్టు పక్షుల కేంద్రం, పులికాట్ సరస్సు ఉన్నాయి. సాధారణంగా జనవరిలో సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండుగ జరుగుతుంది.

నగరపాలక సంస్థలు, గ్రంథాలయాల్లో ఏముంది?

హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ ఏటా ఏప్రిల్ చివరి నుంచి మే చివరి వరకు వేసవి క్రీడా శిక్షణ శిబిరాలు నిర్వహిస్తుంటుంది. 6 నుంచి 16 ఏళ్ల పిల్లలకు కాలనీ మైదానాలు, స్పోర్ట్స్ కాంప్లెక్సుల్లో ఉదయం పూట శిక్షణ ఉంటుంది. రుసుము నామమాత్రం. ఇతర నగరాల్లో ఉన్నవాళ్లు తమ నగరపాలక సంస్థ క్రీడా విభాగాన్ని గానీ, జిల్లా క్రీడాధికారి కార్యాలయాన్ని గానీ అడగాలి.

ఆంధ్రప్రదేశ్‌లో పౌర గ్రంథాలయాలు వేసవి విజ్ఞాన శిబిరాలు నిర్వహిస్తున్నాయి. కథలు చదవడం, బొమ్మలు వేయడం, చిన్న ప్రయోగాలు, ఆటలు ఉంటాయి. మీ వీధి చివర శాఖా గ్రంథాలయం ఉంటే గ్రంథపాలకుల్ని అడగండి. తెలంగాణలోనూ జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యాలయంలో వాకబు చేయవచ్చు.

ఎక్కడా చేరకుండా ఇంటి దగ్గరే చేయగలిగేవి ఏమిటి?

నీడలేని రోజు: సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉండే రోజు ఏడాదికి రెండుసార్లు వస్తుంది. హైదరాబాద్‌లో మే 9న మధ్యాహ్నం 12.12 గంటల ప్రాంతంలో, ఆగస్టు 3న 12.23 గంటల ప్రాంతంలో నిలువుగా నిలబెట్టిన సీసా నీడ మాయమవుతుంది. కర్కాటక, మకర రేఖల మధ్య ఉన్న ఊళ్లలోనే ఇలా జరుగుతుంది. తేదీ ఊరిని బట్టి మారుతుంది. ఏడాదిలో మొదటి నీడలేని రోజు తిరుపతిలో హైదరాబాద్ కంటే ముందే వస్తుంది. అందుకు కారణం తిరుపతి భూమధ్యరేఖకు మరింత దగ్గరగా ఉండటమే. వారం ముందు నుంచి రోజూ మధ్యాహ్నం కర్ర నీడ కొలిచి రాసుకుంటే, కారణం పిల్లలకు వాళ్లంతట వాళ్లకే అర్థమవుతుంది.

పక్షుల లెక్క: ఏటా ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులు ‘గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్’ జరుగుతుంది. మన దేశం 2013 నుంచి పాల్గొంటోంది. మేడ మీద గానీ, పార్కులో గానీ కనీసం 15 నిమిషాలు నిలబడి కనిపించిన, వినిపించిన పక్షుల్ని లెక్కపెట్టి ‘ఈబర్డ్’ యాప్‌లో నమోదు చేయాలి. కాకి, గోరింక, పావురం కూడా లెక్కలోకే వస్తాయి.

చెట్టు డైరీ: కాలనీలో ఒక వేప, చింత లేదా కానుగ చెట్టును ఎంచుకుని వారానికోసారి చిగురు, పూత, కాయ ఎంత ఉందో రాసుకోవాలి. 2010లో కేరళలో మొదలైన ‘సీజన్‌వాచ్’ కార్యక్రమంలో దేశవ్యాప్తంగా పిల్లలు ఇదే చేస్తున్నారు. వాతావరణ మార్పు వల్ల పూత సమయం మారుతోందా అన్నది ఇలాంటి లెక్కలు ఏళ్ల తరబడి ఉంటేనే తెలుస్తుంది.

వాన కొలత: నిలువు గోడలున్న ప్లాస్టిక్ సీసా పైభాగం కోసి, గరాటులా తలకిందులుగా అందులోనే పెట్టి, పక్కన స్కేలు అంటించండి. సీసా, గరాటు అంచు ఒకే వెడల్పు ఉంటే నీటి ఎత్తు మిల్లీమీటర్లలో ఎంతో వాన అంత. తెలంగాణ అభివృద్ధి ప్రణాళిక సంఘం తన ఆటోమేటిక్ కేంద్రాల్లో నమోదైన వర్షపాతాన్ని ప్రాంతాల వారీగా ప్రకటిస్తుంది. మీ మేడ మీద లెక్కను దానితో పోల్చండి. ఒక వర్షాకాలం పాటు ఇలా రాసుకుంటే అదే బాలల సైన్స్ కాంగ్రెస్‌కు సరిపోయే ప్రాజెక్టు అవుతుంది.

యాప్‌ల విషయంలో ఒక జాగ్రత్త. వీటిలో కొన్నింటికి 13 ఏళ్లు నిండితేనే సొంత ఖాతా ఇస్తారు. చిన్నపిల్లలు మీ ఖాతాతోనే వాడాలి. ఇంటి లొకేషన్ అందరికీ కనిపించేలా పెట్టకండి, పిల్లల ముఖాలున్న ఫొటోలు ఎక్కించకండి.

శిబిరానికి పంపేముందు ఏమేం అడగాలి?

2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నది ఒడ్డున ఫొటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయి చనిపోయారు. ఎగువన లార్జి ప్రాజెక్టు నుంచి నీళ్లు వదలడంతో నది ఒక్కసారిగా పెరిగింది. ఈత వచ్చా రాదా అన్న ప్రశ్న అక్కడ పనికిరాలేదు. ఆ చోట దిగకూడదని చెప్పే మనిషి ఉండటమే ముఖ్యం. అందుకే పాఠశాల తీసుకెళ్లినా, ప్రైవేటు సంస్థ తీసుకెళ్లినా ఈ ప్రశ్నలు అడగండి. జవాబులు వాట్సాప్‌లోనో, కాగితం మీదో తీసుకోండి.

- ఎంతమంది పిల్లలకు ఒక పెద్ద మనిషి ఉంటారు? అమ్మాయిలు ఉంటే మహిళా సిబ్బంది ఎవరు?
- దారిలో నది, చెరువు, సముద్రం, క్వారీ గుంట ఉన్నాయా? నీళ్లలోకి దింపుతారా? దింపితే లైఫ్ జాకెట్లు, ఈత తెలిసిన సిబ్బంది ఉన్నారా?
- అడవిలోకి వెళ్తుంటే అటవీ శాఖ అనుమతి ఉందా?
- దగ్గర్లోని ఆసుపత్రి ఏది? ప్రథమ చికిత్స తెలిసినవాళ్లు ఎవరు?
- బస్సు నంబరు, డ్రైవర్ ఫోన్, తిరిగొచ్చే సమయం ఏమిటి?
- మరుగుదొడ్డి, తాగునీటి ఏర్పాటు ఏమిటి?
- కార్యక్రమం రద్దయితే డబ్బు వెనక్కిస్తారా?

ఎండ విషయంలో వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో ఆరుబయట పని ఉదయం 9 గంటల్లోపు ముగిసేలా ఉండాలి. నీళ్ల సీసా, టోపీ, ఓఆర్‌ఎస్ ప్యాకెట్ సంచిలో పెట్టండి. అకాల వానల సమయంలో పిడుగుల హెచ్చరిక కోసం పుణెలోని ఐఐటీఎం తయారుచేసిన ‘దామిని’ యాప్ ఉచితంగా దొరుకుతుంది. ఉరుము వినిపిస్తే చెట్టు కిందికి కాదు, పక్కా భవనంలోకి వెళ్లాలని పిల్లలకు చెప్పండి. రాళ్ల సందుల్లో, పొదల్లో చేయి పెట్టకూడదని కూడా చెప్పండి. పాము కరిస్తే కట్లు బిగించడం, కోయడం వంటివి చేయకుండా, కాటుపడిన భాగం కదలనీయకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

పిల్లలకు ఆస్తమా, మూర్ఛ, తేనెటీగల అలర్జీ వంటివి ఉంటే దాచకుండా రాసివ్వండి. అత్యవసరానికి 112, అంబులెన్స్‌కు 108, పిల్లలతో ఎవరైనా అనుచితంగా ప్రవర్తిస్తే 1098 నంబర్లు పిల్లలకు కూడా తెలిసి ఉండాలి.

ఏ కాగితాలు సిద్ధంగా ఉంచుకోవాలి?

- ఆధార్ కాపీ, పాఠశాల గుర్తింపు కార్డు
- బోనఫైడ్ సర్టిఫికెట్
- నాలుగు పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు
- తల్లిదండ్రుల అంగీకార పత్రం
- పిల్లల పేరుతో బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ కాపీ
- గత ఏడాది మార్కుల జాబితా, పాల్గొన్న పోటీల సర్టిఫికెట్లు

వీటిని స్కాన్ చేసి ఫోన్‌లో ఒకే ఫోల్డర్‌లో పెట్టుకుంటే చివరి రోజు పరుగులు పెట్టాల్సిన పని ఉండదు.

ఏ నెలలో ఏం చేయాలి?

- జూన్, జులై: సైన్స్ టీచర్‌ను కలిసి ఇన్‌స్పైర్-మానక్, బాలల సైన్స్ కాంగ్రెస్ గురించి అడగండి. స్కౌట్స్, ఎన్‌సీసీ, ఎకో క్లబ్‌లో చేర్పించండి. వాన కొలత, చెట్టు డైరీ మొదలుపెట్టించండి.
- ఆగస్టు: మొదటి వారంలో నీడలేని రోజు. 23న జాతీయ అంతరిక్ష దినోత్సవం, చంద్రయాన్-3 దిగిన రోజు.
- సెప్టెంబరు: 26న సీఎస్‌ఐఆర్ ఓపెన్ డేల కోసం చూడండి.
- అక్టోబరు: 2 నుంచి 8 వరకు వన్యప్రాణి వారోత్సవాలు, 4 నుంచి 10 వరకు ప్రపంచ అంతరిక్ష వారం. అటవీ శాఖ, జూపార్కులు, శ్రీహరికోట కేంద్రం పోటీలు, ప్రదర్శనలు పెడతాయి.
- నవంబరు నుంచి జనవరి: సైన్స్ ఫెయిర్ల కాలం. వలస పక్షులను చూడటానికి కూడా ఇదే అదను.
- ఫిబ్రవరి, మార్చి: పక్షుల లెక్క, సైన్స్ దినోత్సవం, యువిక దరఖాస్తు. జూపార్కు శిబిరాల వాకబు.
- ఏప్రిల్, మే: నగరపాలక సంస్థ శిబిరాలు, గ్రంథాలయ శిబిరాలు, మే నీడలేని రోజు.

బడి స్పందించకపోతే ఏం చేయాలి?

ముందు హెచ్‌ఎంకు ఒక పేజీ లేఖ ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. నలుగురైదుగురు తల్లిదండ్రులు కలిసి ఇస్తే ఇంకా మంచిది. విద్యాహక్కు చట్టం-2009 ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలల యాజమాన్య కమిటీల్లో కనీసం నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులో, సంరక్షకులో ఉండాలి. టింకరింగ్ ల్యాబ్ తెరవడం, ఈ ఏడాది ఎన్ని ఆలోచనలు పోర్టల్‌లో నమోదు చేశారన్నది కమిటీ సమావేశంలో ఎజెండాగా పెట్టించవచ్చు. అక్కడా కదలిక లేకపోతే మండల విద్యాధికారిని, తర్వాత జిల్లా విద్యాధికారిని కలవండి. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక సోమవారాల్లో కలెక్టరేట్లలో జరుగుతాయి.

దివ్యాంగులైన పిల్లల్ని ‘బయటికి తీసుకెళ్లడం కష్టం’ అంటూ వదిలేయడం కుదరదు. దివ్యాంగుల హక్కుల చట్టం-2016 ప్రకారం విద్యాసంస్థలు వారికి చదువుతోపాటు క్రీడలు, వినోద కార్యక్రమాల్లోనూ సమాన అవకాశం ఇవ్వాలి. ర్యాంపు, సహాయకులు, మరుగుదొడ్డి ఏర్పాట్లను ముందే రాతపూర్వకంగా కోరండి.

ఇవన్నీ చేస్తే ఉపయోగం ఉంటుందా?

ప్రభుత్వ వ్యవస్థ ద్వారా వచ్చిన అవకాశం ఎంత దూరం తీసుకెళ్లగలదో చెప్పడానికి మాలావత్ పూర్ణ ఉదాహరణ చాలు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన ఆమె సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాల విద్యార్థిని. గురుకుల సంస్థ విద్యార్థులను భువనగిరి కోట బండ మీద శిలారోహణ శిక్షణకు పంపింది. అందులో ఎంపికై, మరింత శిక్షణ తర్వాత 2014 మే 25న, 13 ఏళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కారు. అదే బృందంలోని సాధనపల్లి ఆనంద్‌కుమార్ కూడా శిఖరం చేరారు.

ప్రతి పిల్లా, పిల్లవాడూ ఎవరెస్ట్ ఎక్కనక్కర్లేదు, ఇస్రోకు ఎంపిక కానక్కర్లేదు. తన కాలనీ చెట్టు ఎప్పుడు పూస్తుందో, తన ఇంటి మీద ఎంత వాన పడిందో సొంతంగా కొలిచి చెప్పగలిగితే అదే మంచి మొదలు. ఈ వారం మీరు చేయాల్సిన పని చిన్నది. పిల్లల సైన్స్ టీచర్‌కు ఫోన్ చేసి, ‘ఈ ఏడాది మన బడి నుంచి ఇన్‌స్పైర్‌కు పేర్లు పంపుతున్నారా?’ అని అడగండి. జవాబును బట్టి తర్వాతి అడుగు వేయండి.